జోగి మణికట్టు

మైనం కరిగే వాసన వస్తే చాలు, నాకు పంజాగుట్ట గుర్తొస్తుంది. అమీర్‌పేటలో నేను నడుపుతున్న ఈ చిన్న ఫిజియోథెరపీ గదిలో రోజూ పొద్దున్నే మైనం గిన్నె స్విచ్ వేస్తాను. వేళ్ళూ మణికట్లూ బిగుసుకుపోయినవాళ్ళు ఆ వేడి మైనంలో చెయ్యి ముంచుతారు. వాసన గదంతా పరుచుకునేసరికి సులోచన మేడం గొంతు వినిపిస్తుంది. "ఏంటమ్మా, ఇవాళ ఎవరికి ఎవరితో పోటీ?"

పంజాగుట్టలో మేడం క్లినిక్‌లోనే నా మొదటి ఉద్యోగం. ఆవిడది కాకినాడ. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో దొరికిన కుంగ్‌ఫూ నవలలన్నీ నమిలేశారట. ఒక నవలలోని హీరోని తీసుకొచ్చి ఇంకో నవలలోని విలన్ మీదికి తోలడం ఆవిడకు సరదా. అది కూడా పేషెంట్ల చెయ్యో కాలో వంచుతూ, వాళ్ళతో వాదిస్తూ. బోలెడు చదివి వచ్చాననుకునే నాకు మొదట్లో ఒళ్ళు మండేది. ఇది క్లినిక్కా, రచ్చబండా అనుకునేదాన్ని.

యాదగిరన్న అని అమీర్‌పేట నుంచి ఒక టైలరు వచ్చేవాడు. భుజం బిగుసుకుపోయి చెయ్యి ఛాతీ దాటి లేచేది కాదు. ఆయన బూడిద జోగి పక్షం. ఆ జోగి ఒక నవలలో విలన్, శత్రువు కళ్ళల్లో బూడిద కొట్టి మీద పడేవాడు. మేడం ఏమో వెదురువాడి పక్షం. వాడు ఇంకో నవలలో హీరో, వెదురుకర్ర తప్ప వేరే ఆయుధం ముట్టడు.

"జోగికి గురువు లేడు మేడం. అంత సొంతంగ నేర్సుకున్నడు. గసువంటోడు ఎట్ల ఓడుతడు?" అనేవాడు యాదగిరన్న.

"కాదనను. మరి పైనుంచి కర్ర పడితే ఎలా అడ్డుకుంటాడు? చూపించండి."

ఆయన చూపించబోయేవాడు. చెయ్యి ఆగిపోయిన చోట మేడం మోచేతి కింద పట్టుకుని ఇంకాస్త లేపేవారు. "జర ఆగుండ్రి, పానం పోతున్నది" అనేవాడు. "పోయేది జోగి ప్రాణమండీ" అనేవారు మేడం. సరిగ్గా కర్ర దిగే సమయానికి చెయ్యి వదిలేసి, మిగతాది రేపు అంటూ లేచిపోయేవారు. యాదగిరన్న సణుక్కుంటూ వెళ్ళి, మర్నాడు అందరికంటే ముందు వచ్చేవాడు.

"ఒక్క పోరైనా తేల్చరేంటి మేడం?" అని ఒకరోజు అడిగేశాను.

"నొప్పి తగ్గకముందే తేలిపోతే రేపు ఎందుకొస్తారు? మందు చేదైనా మింగుతారమ్మా. రోజూ నొప్పెడతాం రమ్మంటే ఎవరొస్తారు?"

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. యాదగిరన్న కుట్టిన చొక్కా తనే కొక్కేనికి తగిలించగలిగిన రోజున మిఠాయి పట్టుకొచ్చాడు.

ఆ వానాకాలమే మేడం మెట్రో మెట్ల మీద జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే చెయ్యి వెనక్కి వంగడం లేదు. ఆ చేతులే ఆవిడ బతుకు. నేను నాలుగు రోజులు వంచి చూశాను. ఐదో రోజు ఆవిడ చెయ్యి లాక్కుని, "ఇంతేలేమ్మా, ఇక వంగదు. గది ఖాళీ చేసేద్దాం" అన్నారు. అంతమందిని లేపి నిలబెట్టిన మనిషి ఆ మాట అంటే నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"సరే మేడం. ఒక్కటి చెప్పండి. వెదురువాడి కర్ర విరిగింది. ఒట్టి చేత్తో జోగి మణికట్టు పట్టేశాడు. జోగి ఎలా విడిపించుకుంటాడు?"

"ఏంటి, నా మందు నాకేనా?" అని నవ్వారు. లాక్కున్న చెయ్యి మళ్ళీ ముందుకు చాపి, "ఇంతకీ బొటనవేలు ఎటు పెట్టి పట్టాడు?" అన్నారు.

మైనం వేడి ఇంకా ఆరని ఆ మణికట్టును పట్టుకుని చూపించాను. ఆవిడ పళ్ళు బిగబట్టి వంచారు. నిన్నటికంటే కాస్త ఎక్కువే వంగింది. అక్కడే వదిలేసి, "ఇవాళ్టికి చాలు మేడం" అన్నాను.

"దొంగదానా" అన్నారు.

కిటుకు కనిపెట్టిన మనిషి మీదే ఆ కిటుకు పనిచేస్తుందా? ఇంటికి వెళ్ళాక కూడా అదే ఆలోచన. పొద్దున నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి మేడం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "ఇంట్లో తోచక వచ్చాలే" అన్నారు. తలుపు తీశానో లేదో, "ఇంతకీ వెదురువాడు వదిలాడా?" అని అడిగారు.

చెయ్యి మెల్లగా దారికొచ్చింది. తరవాత ఇంకొన్నేళ్ళు ఆ చేతులతోనే పనిచేసి, కాకినాడలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. బయల్దేరే రోజున, ఇవాళ ఎవరు గెలిచారో చెప్పేస్తానన్నాను.

"చెప్పకు. నీకు తెలీదని నాకు తెలుసు. నాకూ ఎప్పుడూ తెలిసేది కాదు" అన్నారు.

నిజంగానే నాకు తెలీదు. మేడం చెప్పొద్దన్నారు గానీ నాకు మాత్రం ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంటుంది. ఒక్కోసారి పేషెంటు చెయ్యి పట్టుకుని అదే పోరు మళ్ళీ మొదలుపెడతాను, ఈసారైనా తేలుతుందేమోనని. ఆదివారాలు మేడం ఫోన్ చేస్తారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఆ మాట దాటేస్తారు. పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు.

"వదిలాడా?"

"ఇంకా లేదు మేడం. రేపు చెప్తాను."