పాలికెల్లో వంకరపోయిన బబ్బెర్లు

మా బిడ్డ పెళ్లి మాటెత్తితే అందరికీ విందు గుర్తొస్తుంది, నాకు మట్టి మూకుళ్లు గుర్తొస్తాయి. పెళ్లికి ముందు మూకుళ్లలో మట్టీ ఎరువూ కలిపి పోసి, నానబెట్టిన నవధాన్యాలు చల్లడం మా ఇంటి ఆచారం. వాటిని పాలికెలు అంటాం. పెళ్లినాడు మగపెళ్లివారి పెద్దావిడ వచ్చి ఆ మొలకలను చూస్తుంది. నిటారుగా, పచ్చగా ఉంటే పిల్ల అడుగుపెట్టే ఇల్లు పచ్చగా ఉంటుందని నమ్మకం. లేకపోతే ఏమవుతుందో పైకి ఎవరూ అనరు. కానీ ఆ తర్వాత ఆ ఇంట్లో పాలు విరిగినా అందరూ కొత్తకోడలి వైపే చూస్తారు. నా బిడ్డను రామన్నపేట అవతలి ఊరికి ఇస్తున్నాం. అక్కడ అది తలెత్తుకుని తిరగాలని తప్ప నాకు వేరే కోరిక లేదు.

పాలికెలు తన చేతుల మీదుగానే పెట్టాలంది మా అత్తమ్మ. పెరట్లోని గుంత నుంచి నల్లగా మాగిన పెంట తెచ్చింది. పశువుల ఎరువును మేం పెంట అనే అంటాం, అందులో చిన్నతనం ఏమీ లేదు. మా పెరట్లో కాసిన ప్రతి కాయా దాని చలవే. ఆ ఏడు మాత్రం పెరడు మా మాట వినలేదు. చిక్కుడు తీగ కొసలు మెలిపడ్డాయి, టమాట ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. అత్తమ్మ దిష్టి అని పందిరికి పాత చెప్పు కట్టింది. నేను బలం చాలలేదనుకుని మొదళ్లలో ఇంకో తట్ట పెంట పోశాను. ముడత ఎక్కువైంది. మళ్లీ పోశాను. పని చేయకపోతే ఇంకొంచెం వేయడమే నాకు తెలిసిన వైద్యం. నా కూరల్లో ఉప్పు గురించి మా ఆయన కూడా ఇదే మాటతో దెప్పుతాడు.

మూకుళ్లలో మొలకలు పైకి రాగానే నా గుండె జారింది. పెసర్లు పక్కకు వాలిపోయాయి. మినుములకూ బబ్బెర్లకూ కాడ లావెక్కి మెలితిరిగింది, ఆకు విప్పుకోనే లేదు. అత్తమ్మ వాటి మీద తువ్వాల కప్పి, "ఎవ్వలికి చెప్పకు బిడ్డా" అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, చాలా భయమేసింది.

ఆ భయంతోనే మాటిమాటికీ వెళ్లి తువ్వాల ఎత్తి చూసేదాన్ని. అలా చూస్తుంటే ఒకసారి తట్టింది. అదే మూకుడులో జొన్న, వరి, గోధుమ మొలకలు నిటారుగా ఉన్నాయి. వంకరపోయినవన్నీ పప్పుగింజలే. దిష్టికి జొన్నకూ పెసరకూ తేడా ఏం తెలుసు? ఆ తేడా తెలిసింది కలుపుమందుకు. జొన్నచేలో కొడితే అది జొన్న జోలికి పోకుండా వెడల్పాకు కలుపునే చంపుతుంది.

మా ఆయన్ని నిలదీశాను. కలుపు తీయడానికి మనుషులు దొరక్క, అంతకుముందు వానాకాలం జొన్నకు కొత్తరకం మందు కొట్టాడట. ఆ చొప్పే మా బర్రెలు తిన్నాయి.

"బర్రెలకు ఏం గాలే గదా," అన్నాడు, నాతో కన్నా తనతోనే అన్నట్టు.

తెలిసిన వ్యవసాయ అధికారికి ఫోన్ చేశాడు. కొన్ని మందులు పశువు కడుపులో అరగవని, పేడలో బయటికొచ్చి, పెంట మాగినా తమ గుణం పోగొట్టుకోవని, మట్టిలో ఎన్నాళ్లుంటాయో కచ్చితంగా చెప్పలేమని ఆయన చెప్పాడు. మరి ఆ కూరలు మేం తిన్నాం కదా అని పక్క నుంచి అడిగించాను. ఇకనుంచి తినకండి అన్నాడాయన. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

మందు కొట్టని మెట్ట చెలకలో పుట్టమన్ను తవ్వి తెచ్చి, పెంట కలపకుండా కొత్త మూకుళ్లలో మళ్లీ గింజలు చల్లాం. పెళ్లినాటికి మొలకలు పొట్టిగానే ఉన్నా నిటారుగా నిలిచాయి. పెళ్లికొడుకు తల్లి వంగి చూసి మురిసిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే నా చేయి పట్టుకుంది.

"మొలకలు మంచిగొచ్చినయి వదినా. పిల్లతోని జర రెండు సంచుల మీ పెంట పంపుండ్రి, మా పెరట్ల ఏసుకుంటం."

మా ఆయన పందిరి గుంజను చూస్తూ నిలబడ్డాడు. పెళ్లిపందిట్లో మా మట్టి చెడిపోయిందని ఎలా చెప్పను? ఆ మట్టిలో పండింది తిన్న పిల్లనే కదా వాళ్లకిస్తున్నాం. ఈ ఏడు పెంట బాగాలేదు, ఇవ్వలేనని మాత్రం అన్నాను. కుప్ప ఆమె కళ్లెదుటే ఉంది, నల్లగా, పొడిపొడిగా. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. నా బిడ్డ తల దించుకుంది.

ఆ తర్వాత బిడ్డ ఫోన్లలో ముక్కలు ముక్కలుగా తెలిసేది. మీ అమ్మకు పిల్లనివ్వడానికి మనసొప్పింది గానీ పెంట ఇవ్వడానికి ఒప్పలేదని అత్త నవ్వుతూ అంటుందట. నవ్వుతూ అన్నదే కదమ్మా అనేది బిడ్డ. చెప్పేటప్పుడు దాని గొంతులో మాత్రం నవ్వుండేది కాదు.

వానలు పడ్డాక వియ్యపురాలు మా ఇంటికి వచ్చింది. ఇక దాచలేక ఆమెను పెరట్లోకి తీసుకెళ్లాను. అక్కడ రెండు కుండీలు పెట్టుకున్నాను. ఒకదాంట్లో పుట్టమన్ను, ఇంకోదాంట్లో మా పెంట కలిపిన మట్టి. మందు గుణం పోయిందేమో చూద్దామని రెండింటిలోనూ జొన్నలు, బబ్బెర్లు చల్లుతూ ఉంటాను. పుట్టమన్నులో రెండూ బాగున్నాయి. పెంట మట్టిలో జొన్న బాగుంది, బబ్బెర దొప్పలా ముడుచుకుని ఉంది. జరిగిందంతా చెప్పాను. అనాలనుంటే నన్ను అనమని, నా బిడ్డను అనొద్దని కూడా చెప్పాను.

ఆమె కుండీ ముందు గొంతుక్కూర్చుంది. ముడుచుకున్న ఆకును వేలితో విప్పబోయింది. అది విప్పుకోలేదు.

"మా ఇంట్ల చిక్కుడు పోయినేడు సంది గిట్లనే ఉంది వదినా," అంది. "మీ పెంట ఏస్తెనన్న మంచిగైతదని అడిగిన."

ఆ పొద్దున బిడ్డ అత్తింటి నుంచి ఫోన్ చేసినప్పుడు ఏం వండావని అడిగాను. మా పెరట్లోదేనమ్మా, తోటకూర అని చెప్పింది.