ఖాళీ మంచానికి నలుగురు

మొన్న పక్కింటావిడ జ్వరానికి మా వీధిలోకి అంబులెన్స్ వచ్చింది. ఎవరూ అన్నం ముందు నుంచి లేవలేదు. కోళ్లు మాత్రం మర్యాదకి కాస్త పక్కకు జరిగాయి. నింపాదిగా పప్పు కలుపుకుంటున్న మా నాయనను చూస్తే, ఆ బండి మా వాకిట్లోకి మొదటిసారి వచ్చిన రోజు గుర్తొచ్చి నవ్వాగలేదు.

గొల్లపల్లి దాటి ఇంకా లోపలికి ఉండే మా ఊళ్లో అప్పటిదాకా వైద్యమంటే మంచమే. రోగిని నులక మంచం మీద పడుకోబెట్టి, నలుగురు దాని నాలుగు కోళ్లూ భుజాలకెత్తుకునేవాళ్లు. వాగు దాటి రోడ్డెక్కేసరికి సగం రోగాలు విసుగొచ్చి వాటంతటవే తగ్గేవి. మిగతా సగం సంగతి మా మేనత్తకు తెలుసు. ఆమె మొదటి కాన్పుకు వాగు పొంగి, మంచం ఒడ్డునే ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు. ఆ రోజు తలవైపు కోడు మోసింది మా నాయన.

రెండో కాన్పునాటికి వాగు మీద వంతెన పడింది. ఫోన్ చేస్తే బండి గుమ్మం ముందే ఆగింది. అయినా నాయన మంచం దించాడు. తలవైపు ఎవరు పట్టాలని పంచాయతీ మొదలైంది.

"పెండ్లాం నాది బావా, తలకాడ నేను పడుత," అన్నాడు అత్త మొగుడు.

"చెల్లె నాది. నువ్వు కాళ్లకాడికి పో," అన్నాడు నాయన.

చిన్నాయనా, పక్కింటి తాతా తీర్పు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డారు. డ్రైవర్ "జల్దీ కరో భయ్యా" అని మొత్తుకుంటున్నాడు. అత్త నడుము పట్టుకుని వాళ్ల మధ్యలోంచే నడిచి వెళ్లి బండెక్కింది.

"మీ పంచాయతీ తెగినంక రాండ్రి. గప్పటికి పిల్లకు పండ్లు గూడ వస్తయి," అంది. వెంట నాయనమ్మ ఎక్కింది. బండి కదిలింది.

బుద్ధున్నవాళ్లయితే మంచం లోపల పెడతారు. మావాళ్లు దాన్ని భుజాలకెత్తుకుని బండి వెనకాల బయల్దేరారు.

"దారిల బండి ఆగితే ఏంది గతి?" అన్నాడు నాయన. ఈసారి తలవైపు ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ వెనకే నడిచాను. ఖాళీ మంచాన్ని ఊరేగించే ఇంట్లో పుట్టాక వేరే దారేముంది?

పొద్దు వాలేసరికి ఆస్పత్రి చేరాం. నర్సమ్మ మంచాన్ని చూసి, "పేషెంటేడీ?" అంది. చెమటలు కారుతూ రొప్పుతున్న నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడే లోపల్నుంచి ఏడుపు వినబడింది, గట్టిగా, కోపంగా. నాయన గోడకు ఆనుకున్నాడు.

"ఎవరి బిడ్డ?"

"మనదే. పగటి నుంచి గదే లొల్లి. చెవులు పోతున్నయి," అంది నాయనమ్మ.

"ఏడ్వనీ," అన్నాడు నాయన, తువ్వాలు మొహమ్మీదికి లాక్కుంటూ. "ఎవ్వరూ ఊకోబెట్టకుండ్రి."

కాలం పద్ధతే అంత. మేమింకా దారిలో భుజాలు మార్చుకుంటుండగానే అది ముందే చేరుకుని, పుట్టి, పాలు తాగి, మళ్లీ ఆకలని గోల చేస్తోంది.