విజిల్ మోగితే చెయ్యెత్తే మామ

మా మేనమామ పోయాడని గురువారం పొద్దున బళ్లారి జిల్లా సిరుగుప్ప నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన మామతో కలిసి బాస్కెట్‌బాల్ ఆడినవాడు. "నిద్రలోనే పోయినాడమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "సంతాపసభలో నువ్వే మాట్లాడల్ల. ఆయప్ప ఎట్లాటోడో నీకు తెలిసినట్లు మాకు తెల్దు గదా" అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

బళ్లారి గాంధీనగర్‌లో ఈరోజుకీ మామ పేరెత్తితే "రెఫరీని కొట్టినోడా?" అంటారు. జిల్లా ఫైనల్లో, ఆట ముగుస్తుందనగా, మామ మీద ఫౌల్ అని రెఫరీ విజిల్ ఊదాడు. ఆ రోజుల్లో ఫౌల్ చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మామ ఎత్తలేదు. "నేను ముట్టనే లేదు సార్" అని వాదించి వాదించి, చేతిలోని బంతిని రెఫరీ ముఖానికేసి కొట్టాడు. ఆయన ముక్కు పగిలింది. బళ్లారి జట్టు మామను తీసేసింది. తర్వాత మామ ఆ రెఫరీ ఇంటికెళ్లి, బంతి విసిరినందుకు కాళ్లు పట్టుకున్నాడట. ఫౌల్ మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకు సిరుగుప్ప జట్టు పిలిచింది. బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ల జట్టు. చుట్టుపక్కల ఊళ్లు కెంచనగుడ్డ నుంచి, హచ్చొళ్ళి నుంచి సైకిళ్ల మీద వచ్చి ఆడేవాళ్లు. అక్కడ మామ కొత్త మనిషయ్యాడంటారు. కొత్త మనిషో, వింత మనిషో! విజిల్ మోగితే చాలు, చెయ్యెత్తేవాడు. తన ఫౌలైనా, పక్కవాడిదైనా. ఎవరిదో సరిగ్గా చూడని రెఫరీలు ఆయన పేరే రాసుకునేవాళ్లు. ఐదు ఫౌళ్లైతే ఆటలోంచి పంపేస్తారు; ఆ ఐదూ నిండిపోయి, బయట బెంచీ మీద కూర్చుని నిమ్మసోడా తాగుతూ అరిచి అరిచి జట్టును ఆడించేవాడు.

"ఏందప్పా ఇది, నీది కానిది గూడా నెత్తిన ఏసుకుంటాండావు?" అని జట్టువాళ్లకు ఒళ్లు మండేది.

నాకు బంతి పట్టడం నేర్పింది కూడా ఆయనే. ఆడపిల్లకు నిక్కరేమిటని ఇంట్లో గొడవైతే, "తప్పు నాదే" అని నవ్వుతూ అప్పుడూ చెయ్యెత్తాడు. ఆ ఆట ఆడగలిగినందుకు నేనెంత సంతోషపడ్డానో ఆయనకెప్పుడూ చెప్పలేదు. ఒకరోజు అడిగాను, అందరి ఫౌళ్లకూ ఎందుకిలా చెయ్యెత్తుతావని.

"చెయ్యెత్తితే ఆట ముందుకు పోతాది పాపా. లేకుంటే ఆడనే నిల్చిపోతాది."

"మరి ఆ రోజెందుకు ఎత్తలేదు?"

"ఆ పొద్దు నేను ముట్టలేదు. బిడు."

బిడు అన్నాడంటే ఇక ఆ మాట వదిలెయ్యాల్సిందే.

మీరైనా చెప్పండి. ఊరందరి ఫౌళ్లూ ఒప్పుకున్నవాడు తనదొక్కటి ఎందుకు ఒప్పుకోడు? నిజంగానే ముట్టలేదా? లేక ఆ ఒక్కదాన్ని కప్పిపుచ్చడానికే ఇన్నింటిని మోశాడా? అత్తనడిగాను. "ఇంట్లో మాత్రం ఒక్కనాడూ చెయ్యెత్తలేదు మీ మామ. తానే కూరలో ఉప్పు ఎక్కువేసి నన్ను అంటాండె" అని ఏడుస్తూనే నవ్వింది. నా అయోమయం ఇంకాస్త పెరిగింది.

ఆదివారం, ఆయన ఆడిన కోర్టులోనే సభ పెట్టారు. పైన రాసిందంతా చెప్పాను. ఎలా ముగించాలో తోచక మైకు పట్టుకుని నిలబడ్డాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి మెల్లగా ముందుకొచ్చాడు. ముక్కు కాస్త వంకర. ఎవరో "ఆ రెఫరీ సారే" అన్నారు. బళ్లారి నుంచి బస్సులో వచ్చాడట.

మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. మామ ఫొటోకు ఎదురుగా నిలబడి, ఫౌల్ చేసిన ఆటగాడిలా కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు. ఎంతసేపైనా దించలేదు.