ఎబినేజర్ చిటికెన వేలు

ఎబినేజర్‌కు ఇంజన్ విప్పడం రాదు. ఈ మాట నేను ముందే చెప్పాలి. ఎందుకంటే ఉప్పల్ నుంచి నాచారం దాకా ఇంకెవరూ చెప్పరు. టైమింగ్ పెట్టడం రాదు, వాల్వులు సెట్ చేయడం రాదు. స్పార్క్ ప్లగ్గు విప్పమంటే ఏ పానా పట్టాలో తడుముకుంటాడు. అయినా బండికి పికప్ పెంచాలనుకునే ప్రతివాడికీ గుర్తొచ్చేది వాడి పేరే. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న ఈ మొగిలయ్య పేరు కాదు.

వాడి కథ పెద్దదేమీ కాదు. మెదక్ వైపు పల్లె. తండ్రి అబ్బయ్య చేయి పట్టుకుని నాచారం వచ్చాడు. అక్కడ ఒక పోత ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు గ్రైండింగ్ చేశాడు. అచ్చులోంచి వచ్చిన అల్యూమినియం సామాను అంచులు అరగదీసే పని. ఆ దుమ్ములో కళ్ళకు ఏమీ కనిపించదు కాబట్టి వేలితో తడిమి చూసుకోవడం అలవాటైందట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఏం చేయాలో తోచక తిరుగుతుంటే, ఉప్పల్‌లో నా షెడ్డు పక్క గది ఖాళీగా ఉందని చెప్పింది నేనే. కూర్చోవడానికి స్టూలు కూడా నేనే ఇచ్చాను. అది ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది.

వాడు చేసేదల్లా ఒక్కటే పని. ఇన్‌టేక్ మానిఫోల్డ్ అని ఇంజన్ పక్కన నాలుగు అల్యూమినియం గొట్టాలు ఉంటాయి. కార్బురేటర్‌లో కలిసిన గాలీ పెట్రోలూ వాటిలోంచే ఇంజన్‌లోకి పోతాయి. పోత పోసిన సామాను కదా, లోపల బొడిపెలు ఉంటాయి. ఇంజన్‌కు ఆనుకునే చోట గొట్టం నోరూ ఇంజన్ నోరూ సరిగ్గా కలవవు. గాలి అక్కడ తట్టుకుంటుంది. ఎబినేజర్ ఆ బొడిపెలు అరగదీస్తాడు, నోళ్ళు రెండూ ఒకటి చేస్తాడు. చివర్లో చిటికెన వేలు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని తిప్పుతాడు. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకుంటారు చూసేవాళ్ళు.

ఆ మానిఫోల్డ్‌ను బండి నుంచి విప్పేది నేను. మళ్ళీ బిగించేది నేను. కార్బురేటర్ ట్యూనింగ్ నేను. బండి రివ్వున పోయిందంటే మాత్రం పేరు వాడిది. ఒకసారి గిరాకీకి వచ్చినాయన ఎవరో ఫోన్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. ఎబినేజర్ మొహం కనిపించింది, వాడి వేలు కనిపించింది. నావి పానా పట్టుకున్న చేతులు మాత్రమే వచ్చాయి. నా భార్య సాలమ్మ ఆ వీడియో రెండుసార్లు చూసి, ఎబినేజర్ ఎంత మంచిగా మాట్లాడాడో అంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఓర్వలేకపోయాను, అంతే. దానికి ఇంకో పేరు పెట్టడం ఎందుకు?

ప్రశాంత్‌ది చిల్కానగర్. వాడి పాత జిప్సీ జీపును పన్నెండేళ్ళుగా నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. కీసర అవతల రాళ్ళ నేలలో జీపుల పోటీ ఉందనీ, పోయినేడు చివరి గట్టు ఎక్కలేకపోయాననీ, ఈసారి ఎలాగైనా ఎక్కాలనీ బండి తెచ్చి పెట్టాడు. నేను సంతోషంగా బానెట్ ఎత్తాను. అప్పుడు అన్నాడు, "మామా, మానిఫోల్డ్ ఎబినేజర్ అన్నకు ఇయ్యి. ఆయన చెయ్యి పడాలె."

సరేనన్నాను. ఇవ్వలేదు.

ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిని, నాలుగు గొట్టాలు అరగదీయలేనా అనుకున్నాను. బండి గట్టు ఎక్కాక, అది చేసింది ఎబినేజర్ కాదు, నేనని అందరిముందూ చెప్పాలనుకున్నాను. ఎక్కకపోతే పోయేది వాడి పేరే కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

ముందు వాడి కిటుకు లాగుదామని చూశాను. వాడి పనిలో నాకు ఎప్పుడూ అర్థంకానిది ఒకటుంది. అంత శ్రద్ధగా చేసి, లోపల కొంచెం గరుకుగానే వదిలేస్తాడు. చాయ్ తాగుతూ మాటల్లో పెట్టి, అద్దంలా ఎందుకు చేయవని అడిగాను.

"నున్నగుంటే పెట్రోల్ గోడకు అంటుకొని పొర లెక్క జారుతదన్నా, గాలిల కలువది," అన్నాడు. "జర గరుకుండాలె. గిదే అసలు పని."

నేను తలూపాను. మనసులో మాత్రం నవ్వుకున్నాను. అసలు కిటుకు దాచుకుని నన్ను పక్కదారి పట్టిస్తున్నాడు, ఎంత గడుసువాడు అనుకున్నాను.

ఆదివారం వాడు భార్య ఎస్తేర్‌తో నాచారం చర్చికి పోతాడు, గదికి తాళం ఉంటుంది. అలా మూడు ఆదివారాలు నా షెడ్డులో కూర్చున్నాను. నోళ్ళు కలిపాను. బొడిపెలు తీశాను. తర్వాత అరగదీసే ఎమరీ కాగితం, ఇంకా సన్నటి కాగితం, చివరికి గుడ్డ, పాలిష్. చేతివేళ్ళ చర్మం లేచిపోయింది. మూడో ఆదివారం మధ్యాహ్నానికి గొట్టం నోట్లో నా ముక్కు నాకు కనిపించింది. ఎబినేజర్ జన్మలో ఇంత పని చేయలేడనుకున్నాను.

పోటీలో బండి అదే గట్టు కింద దగ్గి ఆగిపోయింది. స్టార్ట్ చేయడం, కదలడం, ముక్కడం, ఆగడం. నెమ్మదిగా ఎక్కాల్సిన చోట నల్లపొగ తప్ప ఏమీ రాలేదట. మర్నాడు ప్రశాంత్ బండి తెచ్చి నా షెడ్డు దగ్గర ఆపలేదు. నేరుగా ఎబినేజర్ గది ముందు ఆపాడు.

"నీ మీద నమ్మకంతోని ఇచ్చిన అన్నా. గిట్ల జేస్తివేంది?" అన్నాడు.

ఎబినేజర్ బండి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ బండి మానిఫోల్డ్ వాడి చేతికి రానేలేదని వాడికి తెలుసు. వాడు మానిఫోల్డ్ విప్పి ఇమ్మని నన్ను అడిగాడు. విప్పి ఇచ్చాను. ప్లగ్గులు మసిపట్టి ఉన్నాయి. వాడు చిటికెన వేలు గొట్టంలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రానికి సరిచేస్తానని ప్రశాంత్‌తో చెప్పి పంపించాడు.

అతను పోయాక కూడా వేలు తీయలేదు.

"గింత నునుపు పని మీద ఇష్టంతోని రాదన్నా," అన్నాడు. "ఎవరి మీదనో మస్తు మంట ఉండాలె."

అలాంటిదేం లేదన్నాను. వాడు ఎమరీ గుడ్డ చీల్చి, పుల్లకు చుట్టి, గొట్టాల్లో పెట్టి తిప్పాడు. నా మూడు ఆదివారాలు పావుగంటలో గరుకైపోయాయి. మానిఫోల్డ్ నా చేతికిస్తూ, "ప్రశాంత్‌కు నువ్వే చెప్పుకో. నేనైతే చెప్ప," అన్నాడు. గరుకుండాలని వాడు నాకు చెప్పింది మొదటినుంచీ నిజమే. అది నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది.

కొత్త ప్లగ్గులు వేసి నేనే బిగించాను. సాయంత్రం ప్రశాంత్ బండిని నాచారం చౌరస్తా దాకా తోలుకుని వచ్చాడు. దిగుతూనే మొహం వెలిగిపోతోంది. నెమ్మదిగా పోయేటప్పుడు కూడా పికప్ మస్తుగుందని ఎబినేజర్ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఎబినేజర్ నా వైపు చూశాడు. ఇక తప్పదనుకున్నాను. పొద్దుటినుంచీ కూడగట్టుకున్న ధైర్యమంతా నోటికి తెచ్చుకున్నాను.

"ప్రశాంత్, గా మానిఫోల్డ్ జేసింది ఎబినేజర్ కాదు. నేను," అన్నాను.

ప్రశాంత్ జాలిగా నవ్వి, భుజం మీద చెయ్యేశాడు.

"జర ఊకో మామా. నీకు ఆయనంటే కుళ్ళని అందరికి ఎర్కనే. బండి మంచిగైనంక నేను జేసిన్నంటున్నవ్. నిన్న గట్టు కింద ఆగిందని పొద్దుగాల నేను ఆయనను అడిగినప్పుడు చెప్పకపోతివి?"

ఎబినేజర్ నోరు తెరవబోయి నన్ను చూసి ఆగాడు. తర్వాత నేనిచ్చిన స్టూలు లాగి నా ముందు వేశాడు. నేను కూర్చున్నాను.