మా అమ్మ వంతు రోజు

నా చిన్నప్పుడు పసిపిల్లల్ని చూసుకునే మా ఊరి బాలవాడిని ఊరి ఆడవాళ్ళే నిలబెట్టారు. పెద్దమండ్యం వైపు మెట్ట పల్లె మాది. పంచాయతీ వాళ్ళు ఒక గది ఇచ్చారు, మదనపల్లె నుంచి టీచరమ్మ బస్సులో వచ్చేది, ఇంటింటా కాసిని రాగులు పోగుచేసేవాళ్ళు. అంతమంది పిల్లల్ని చూసుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు గనక, రోజుకొక తల్లి కూలి మానుకుని అక్కడ కూర్చోవాలని వంతులు పెట్టుకున్నారు. అంతకుముందు పిల్లల్ని మంచం కోడుకు చీరతో కట్టేసి చేలకు పోయేవాళ్ళు. నన్నూ అలాగే కట్టేశారట.

మా అమ్మ వంతు వచ్చిన రోజు టీచరమ్మ ఏదో మీటింగుకని రాలేదు. మా ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పురుగు పొర విడిచి లేవడాన్ని మా వైపు జ్వరం లేవడం అంటాం. అప్పుడు వాటి ఆకలి అంతా ఇంతా కాదు, ఒక పూట ఆకు తప్పితే పంటే పోతుంది. పొద్దెక్కేకొద్దీ అమ్మకు కాలు నిలవలేదు. పొయ్యి మీద పిల్లలకు రాగిజావ ఉడుకుతోంది. బడికి సెలవని నేనూ అక్కడే ఉన్నాను, తొమ్మిదేళ్ళదాన్ని.

"పాపా, పొయ్యికాడికి ఎవురినీ రానీకు. పురుగులకు ఆకేసి ఇట్నే వచ్చేస్తా" అని చెప్పి పరిగెత్తింది.

నేను ఎంతసేపు చూశాననుకున్నారు? అమ్మ సందు మలుపు తిరిగేదాకా. నా మొహం మండ, గడప మీద కూర్చుని, పొయ్యికి వీపు పెట్టి అచ్చనగాళ్ళు ఆడుకున్నాను. పక్కింటి అక్క కూతురికి అప్పుడు మూడేళ్ళు. ఆకలేసిందేమో, తనే పోయి జావ గిన్నె లాగింది. ఆ అరుపు విన్నాకే నేను వెనక్కి తిరిగాను.

మదనపల్లె ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. పాప బతికింది గానీ కుడిచేతి చివరి రెండు వేళ్ళు వంగిపోయి మళ్ళీ తిన్నగా కాలేదు. ఊరంతా మా ఇంటి ముందు చేరింది. "పిల్లోళ్ళ కన్నా పురుగులు ఎక్కువైపాయనా నీకు?" అని అడిగారు. అమ్మ తల వంచుకుని, "నాదే తప్పు" అంది. నన్ను కాపలా పెట్టానని ఒక్క మాట అనలేదు. నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను. నోరు మాత్రం విప్పలేదు.

ఆ తర్వాత బాలవాడికి ఎవరూ పిల్లల్ని పంపలేదు. మళ్ళీ మంచం కోళ్ళకు చీరలు ముడిపడ్డాయి. టీచరమ్మ ఖాళీ గదిలో కూర్చుని మధ్యాహ్నం బస్సుకు పోయేది. పిల్లలు రాకుంటే నెలాఖరుకు మూసేస్తారని తనే చెప్పింది. అమ్మ గడప దాటడం మానేసింది.

తిరిగి అమ్మ వంతు వచ్చిన రోజు పొద్దున్నే పక్కింటి అక్క మా వాకిట్లో నిలబడింది. చంకలో పాప, పాప చేతికి కట్టు.

"లెయ్ చిన్నమ్మా, ఈ పొద్దు నీ వంతు" అంది.

అమ్మ భోరున ఏడ్చింది. "నన్ను నమ్మొద్దమ్మా" అంది.

"నమ్మి తెచ్చినానా? నిన్ను సూస్తే నా కడుపు మండతాండాది. నా బిడ్డ రాకుంటే ఇంగెవురి బిడ్డా రాదు. మళ్ళా కట్టేసి పోవాల్నా? లెయ్."

పాపను అమ్మ ఒళ్ళో పెట్టి, వెనక్కి చూడకుండా కూలికి పోయింది. అమ్మ ఆ పాపను ఎత్తుకుని బాలవాడికి నడవడం వీధంతా చూసింది. రెండు రోజులకు ఒకరు, వారానికి నలుగురు పిల్లలు వచ్చారు. బాలవాడి నిలబడింది. అమ్మతో మాత్రం అక్క ఆ తర్వాత మంచిగా ఒక్క మాట మాట్లాడలేదు. వంతు రోజున పాపను ఇచ్చేది, సాయంత్రం తీసుకునేది, అంతే. క్షమిస్తేనే కలిసి పని చెయ్యగలమని అనుకునేవాళ్ళను చూస్తే నాకు అక్క గుర్తొస్తుంది.

ఇప్పుడు అంగన్‌వాడీలో జీతం తీసుకునే ఆయా ఉంది, గ్యాసు పొయ్యి ఉంది. అయినా వారానికొక రోజు పోయి కూర్చుంటాను. నన్నెవరూ రమ్మనలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అక్కకు నిజం చెప్పాలని ఎన్నిసార్లు ఆ ఇంటిదాకా పోయానో, బాగుండావా అని అడిగి తిరిగొచ్చానో లెక్కలేదు. పోయినేడు అక్క కూడా కన్నుమూసింది. చివరిదాకా కోపం మా అమ్మ మీదే పెట్టుకుని పోయింది. అది నా మీద ఉండాల్సిన కోపం.