కౌసాకు పోపు

ఒక దేశం వంటకాన్ని పాడుచేసి, ఆ దేశపు మనిషిచేతే తినిపించిన ఘనత నాది. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పట్లో నార్త్ యార్క్‌లో రోసా ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ, వరంగల్ పిల్ల శ్రావంతీ అద్దెకుండేవాళ్ళం. ఆంటీది పెరూ. నా పోపు పొగకు అప్పటికే రెండుసార్లు స్మోక్ అలారం మోగింది.

"మూడోసారి మోగితే వేరే ఇల్లు చూసుకోండి. ఆదివారం పన్నెండింటికొచ్చి లీజు సంగతి తేలుస్తా" అంది ఆంటీ. (ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులో పెడుతున్నాను.)

జనవరి మంచులో ఇల్లు వెతకడమంటే మాటలా? ఆవిడ దేశపు వంటతోనే ఆవిడ మనసు కరిగిద్దామనుకున్నాను.

ఆ వంట పేరు కౌసా. మెదిపిన బంగాళాదుంపలో నిమ్మరసం, మిరపముద్ద కలిపి ఒక పొర. దానిమీద మయోనీస్ పట్టించిన చికెన్, అవకాడో. మళ్ళీ దుంప పొర. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వడ్డించాలి. పొగ లేదు, పోపు ఘాటు లేదు! వీడియో చూస్తూ పుట్టినరోజు కేకులా నిలబెట్టాను. పదకొండు నలభైకి ఓ మూల గిల్లి రుచి చూశాను. ఆ వేలు నోట్లో పెట్టకపోయుంటే బతికిపోయేదాన్ని.

"శ్రావంతీ, ఇది చల్లగా ఉందే!"

"చల్లగనే తినాలె అని వీడియోల చెప్పిండు గద!"

"ఇంటికొచ్చిన మనిషికి చద్దిది పెడతామా? ఏం బావుంటుంది?"

"నీకు దండం పెడ్త, దాన్ని ముట్టకు."

ముట్టాను. మూకుట్లో వేసి సెగ తగిలించాను. మయోనీస్ నూనె కక్కింది, అవకాడో పాకుడులా తేలింది, కేకు కూలింది. రొట్టె విరిగి నేతిలో పడుతుందంటారు. నా దుంప విరిగి దాని నూనెలోనే పడింది.

పదకొండు యాభై రెండు. కాళ్ళూ చేతులూ ఆడలేదు. అలాంటప్పుడు మనవాళ్ళు చేసే పని ఒక్కటే కదా. పోపు పెట్టాను.

"పిచ్చి లేసిందా నీకు? అలారం!" శ్రావంతి కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతోంది. "గా ఎండుమిరపకాయలన్న ఆపు!"

అప్పటికే వేశాను. పైన ఆంటీకి వినపడుతుందని దగ్గు కూడా మింగేశాను. పొగ మెల్లగా అలారం దాకా పాకింది. ఇద్దరం దానివంకే చూస్తున్నాం. మోగలేదు. తలుపు చప్పుడైంది.

ఆంటీ మూకుడు వంక చూసింది. కుర్చీ మీద శ్రావంతిని చూసింది. "ఏమిటిది?"

"మా... మా ఊరి దుంపకూర, ఆంటీ."

కూర్చుని ఒక చెంచా తింది. ఇంకో చెంచా తింది.

"ఎంత బావుందో! లీజు ఇంకో ఏడాది పొడిగిస్తా. ఎలా చేయాలో రాసివ్వు, లీమాలో మా అక్కకు పంపాలి."

నోటితో అబద్ధమాడొచ్చు గానీ, అబద్ధంతో వంట ఎలా చేయిస్తాం? సిగ్గు చంపుకుని రాశాను. మొదటి వాక్యం: "ముందుగా లక్షణంగా ఒక కౌసా చేసుకోండి."

ఆంటీ చదివింది. మళ్ళీ చదివింది. ముఖం ఎర్రబడింది.

"మా కౌసాను పొయ్యెక్కించావా?"

"ఎక్కించానాంటీ."

శ్రావంతి కుర్చీ దిగలేదు. ఆంటీ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించేసింది. తర్వాత ప్లేటు నా ముందుకు తోసింది.

"ఇంకొంచెం వెయ్యి. ఇది తిన్నానని మా అక్కకు తెలిస్తే నన్ను ఇంటి గడప తొక్కనివ్వదు."

లీజు మీద సంతకమైంది. కనుక పోపుల డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: చల్లగా తినాల్సినదాన్ని ఈ జన్మలో పొయ్యెక్కించను, ఆంటీ కిందికొచ్చి గుసగుసగా అడిగే ఆదివారాలు తప్ప.