జైలు అధికారికి పద్నాలుగు రాఖీలు

శ్రావణం వచ్చిందంటే మా ఆల్థాన్ బజారులో రాఖీల బండ్లు బారులు తీరుతాయి. వాటి పక్కన నడిచినప్పుడల్లా, రాళ్ళు అతికించే బంక వాసన, మగ్గిపోయిన అరటిపండులా తియ్యగా మొదలై ముక్కు లోపల గీరినట్టు ఘాటుగా ముగిసే ఆ వాసన, నన్ను పట్టుకుని ఆపుతుంది. అందరికీ అది పండుగ వాసన. నేను పొద్దున లేస్తే దేవుడికి దండం పెట్టి, నాకు ఇచ్చిన కూటికి, నీడకు, కంటిచూపుకు పేరు పేరునా మొక్కుకునే మనిషిని. ఆ వాసన తగిలిందంటే మాత్రం మొక్కులు ఆగిపోతాయి, కోపం మొదలవుతుంది. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు. చల్లార్చమని దేవుణ్ణి అడగనూ లేదు.

మేము అప్పుడు ఇదే గుజరాతీ పట్నంలో, భేస్తాన్ అనే పేటలో ఉండేవాళ్ళం. సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే తెలంగాణ కుటుంబాలు ఉండే ఒకే వరుస రేకుల గదులు అవి. వాన పడితే రేకుల మీది చప్పుడు, పక్క కారఖానాలో మరమగ్గాల చప్పుడు కలిసిపోయి, మాట్లాడాలంటే అరవాలి, అరుస్తున్నామని తెలియకుండానే అందరూ అరిచేవాళ్ళు. దారం అయిపోయిన ఖాళీ కండెలను మేము పిల్లలం గోపురాల్లా పేర్చి కూలగొట్టేవాళ్ళం. శ్రావణ శనివారాల్లో ఉడికిన శనగ గుడాల మీద వేసిన ఎండుమిర్చి తాలింపు వరుసంతా దగ్గు తెప్పించేది. సర్వపిండి గంజు అడుగున అంటుకుని కరకరలాడే ముక్క కోసం మేము కొట్టుకునేవాళ్ళం. రాఖీ పున్నమి దాకా ఆడవాళ్ళ చేతుల్లో రాఖీల పనే. మోకాళ్ళ మీద పళ్ళెం, పళ్ళెంలో రంగురాళ్ళు, వేళ్ళ కొనలకు ఎండిన బంక పొలుసులు.

నేను బడికి పోలేదు. మా నాన్న రాజేశాన్ని బాపు అనేదాన్ని; ఆయన అక్క సుగుణత్తే నాకు బడి. మొగుడు పోయి తమ్ముడి ఇంటికి వచ్చిన మనిషి. పొద్దున తులసికి నీళ్ళు పోసి, నుదుటికి విభూతి పెట్టుకుని, ఒక చేత్తో రాఖీకి రాయి అతికిస్తూ ఇంకో చేత్తో పలక మీద అక్షరం చూపించేది. పుస్తకాలు లేవు కనుక పొట్లం కాగితాలే పాఠాలు. ఉప్పు పొట్లం, పసుపు పొట్లం, ఏదైనా సరే విప్పిన వెంటనే మడతలు సాపు చేసి నా ముందు పెట్టేది. ఈరోజు నేను నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్ష.

ఒకసారి ఊరి నుంచి వచ్చిన కారప్పొడి మూటకు ఒక పత్రిక పేజీ చుట్టి ఉంది. తుమ్ముకుంటూ దాన్ని నేనే చదివాను. సముద్రం అవతలి ఒక దేశంలో బట్టలు కుట్టే కారఖానాకు బయటి నుంచి తాళం వేసి ఉండగా లోపల మంటలు లేచాయట. తాళం ఎందుకు వేశారని నలుగురిలో అడిగిన కుట్టు పనామెను జైల్లో పెట్టారట. విచారణ లేదు. ఆమెను వదలమని జైలు పెద్దాఫీసరుకు మామూలు మనుషులు ఎవరైనా, ఏ భాషలోనైనా, మర్యాదగా ఒక ఉత్తరం రాయండి అని కింద చిరునామా ఇచ్చారు. దేశం పేరు ఇక్కడ రాయను. ఒక్క దేశం పేరు రాస్తే మిగతా దేశాలన్నీ మంచివైపోతాయి.

మా గదులకు కూడా పని వేళల్లో బయట ఇనుప గేటుకు తాళం పడేది. అత్త ఆ పేజీ రెండోసారి చదివించుకుని పళ్ళెం పక్కన పెట్టి లేచింది.

వరుసలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఉత్తరాలకు ఒప్పుకున్నారు. కుట్టు పనామె పేరు ఎవరికీ నోరు తిరగలేదు, అందరూ మిషనామె అన్నారు. అత్త రాయడం, వాళ్ళు వేలిముద్ర వేయడం. అప్పుడు పక్క గది లక్ష్మవ్వ ఒక తిరకాసు పెట్టింది.

"పెద్దాఫీసరంటున్నవ్. గాయనకాడికి ఉట్టి చేతులతోని పోతమా సుగుణా? ఒక రాఖీ పెడ్దాం. అన్నా అన్నంక కాదంటడా?"

"ఆడపిల్లను జైల్ల ఏసినోడు నీకు అన్ననా?" అంది అత్త.

"గందుకే. సిగ్గన్న అయితది."

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. అట్లా పద్నాలుగు ఉత్తరాలు, సాంచల దగ్గర అంచు కోసినప్పుడు పడే దారాలతో మేమే పేనిన పద్నాలుగు రాఖీలు కట్టగట్టి దేవుడి పటం వెనక పెట్టాం. సోమవారం పోస్టాఫీసు తెరిచాక వేయాలి.

ఆదివారం నర్సయ్య వచ్చాడు. మా కులసంఘం పెద్ద. బుగ్గలో మావా పొగాకు, చేతిలో తాళంచెవుల గుత్తి. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళను మంచిగా తలుచుకోవాలంటారు, నాకు చేతకాదు.

"ఏందిరా రాజేశం, మీ అక్క పరాయి దేశపోనికి రాఖీలు పంపుతదట! మన ఆడోళ్ళకు అన్నలు కరువైన్రా?"

అత్తే గడపలోంచి జవాబు చెప్పింది.

"అన్నలకేం కరువు. లక్ష్మవ్వ పన్ను ఆమె మొగడు రాలగొట్టిననాడు మాత్రం ఒక్కడు కనవడలే."

"గా దేశం యాడుందో ఎరికేనా నీకు?"

"నాకెర్క లేదు. పోస్టోనికి ఎరికే."

"మన గోస ఎవడన్న పట్టించుకున్నడా? మనకెందుకే గా లొల్లి?"

"ఎవ్వలూ పట్టించుకోలే. గందుకే గది ఎట్లుంటదో నాకు ఎరికే."

నర్సయ్య మావా ఊసి అత్తను వదిలి బాపు వైపు తిరిగాడు. పై దేశం సర్కారుకు ఉత్తరాలంటే పోలీసులొస్తారని, సేటు చెవిన పడితే సాంచల పని పోతుందని, ఈమెను ఊరికి పంపకపోతే సంఘంలో పిలుపు ఉండదని అన్నాడు. అప్పటిదాకా వరుసంతా తలుపుల సందుల్లోంచి వింటోంది. ఆయన పోగానే ఆ తలుపులన్నీ ఒక్కటొక్కటే మూసుకున్నాయి.

అత్త కూరగాయలకు పోయినప్పుడు బాపు నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"బిడ్డా, గా కట్ట యాడున్నది? ఇస్తే అత్తను ఊరికి పంపనే పంప. దేవుని మీద ఒట్టు."

అమ్మ లేని నాకు అత్త కూడా పోతే అక్షరం లేదు, అన్నం కలిపి పెట్టే చెయ్యి లేదు. నేను పీట వేసుకుని ఎక్కి, పటం వెనక చేయి పెట్టి, కట్ట తీసి ఇచ్చాను. నాకు తొమ్మిదేళ్ళు. పసిపిల్లవు, నీ తప్పేముంది అని విన్నవాళ్ళంతా అంటారు. పటం వెనక చేయి పెట్టినప్పుడు తప్పని నాకు తెలుసు. బాపు గదుల వెనకున్న మురుగుకాలువ, ఖాడీలోకి దాన్ని విసిరేశాడు. రంగు కారఖానా నుంచి వచ్చిన ఊదారంగు నీళ్ళలో కాగితాలు మునిగాయి, రాఖీలు కొంత దూరం తేలుకుంటూ పోయాయి.

అత్త వచ్చి పటం వెనక చూసుకుంది. నా ముఖం చూసింది. కొడుతుందనుకున్నాను.

"భయమైందా బిడ్డా?" అంది. పళ్ళెం పక్కకు జరిపి, "కాగితం వట్టు. ఈసారి నువ్వే రాయి," అంది.

ఆమె చెప్పింది, నేను రాశాను. "తిట్టకు, తిడితే చింపి పారేస్తడు. అయ్యా అని రాయి. ఆమె తప్పేం చెయ్యలే, ఇంటికి పంపున్రి అని రాయి. కింద మన పేరు, మన ఊరు సక్కగ రాయి. దొంగల లెక్క పేరు లేకుంట రాయద్దు." పద్నాలుగు తలుపులు మళ్ళీ కొట్టాం. పదకొండు తెరుచుకోలేదు. కొన్నిటి వెనక గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముగ్గురు వేలిముద్ర వేశారు, లక్ష్మవ్వ ముందు వేసింది. రాఖీలు పేనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడు ఉత్తరాలను అత్త, నేను నడిచి పోయి వేసి వచ్చాం.

దసరా ముందే బాపు అత్తను రైలెక్కించాడు. ఒట్టు గుర్తు చేశాను. ఆయన చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ కూర్చున్నాడు. రెండేళ్ళకు అత్త ఊళ్ళోనే పోయింది. చివరిచూపు నాకు దక్కలేదు.

మా ఉత్తరాల వల్లే మిషనామె బయటికొచ్చిందని రాసుకుంటే చదివేవాళ్ళకు హాయిగా ఉండేది. ఆమె సంగతి ఏమైందో నాకు తెలియదు. మూడు ఉత్తరాలకు తాళాలు ఊడిరావు. సంచుల కొద్దీ వస్తే మాత్రం ఆ ఆఫీసరు వాటిని ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి, ఈమెను ఇంతమంది ఎరుగుదురా అని ఒకసారైనా ఆగాలి. మా సంచిలో పదకొండు తగ్గాయి. అవి తగ్గించింది నేను, మా బాపు, నర్సయ్య, ఆ మూసిన తలుపులు. ఈ నలుగురిలో ఎవరినీ నేను ఇంకా క్షమించలేదు.

భేస్తాన్‌లో ఆ రేకుల గదులు ఇప్పుడు లేవు, అక్కడ ఆరంతస్తుల భవనం లేచింది. వీధి చివరి ఎర్ర పోస్టు డబ్బా లేదు. కండెలతో ఆడే పిల్లలు లేరు, ఉడికే గుడాల వాసనకు పక్కింటి తలుపు తీసేవాళ్ళూ లేరు. "మనకెందుకు" ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. మా సొసైటీ ఫోను గ్రూపులో, ఎక్కడో జైల్లో ఉన్న ఒక పంతులమ్మ కోసం సంతకం చేయమని పోయిన నెల నేను పెడితే, పొద్దున్నే పూలబొమ్మలు, దేవుడి బొమ్మలు పంపే వేళ్ళన్నీ ఒక్కసారిగా మొద్దుబారాయి. ఒకావిడ గుజరాతీలో, మన నీళ్ళ ట్యాంకు సంగతి ముందు చూడండి బెన్ అంది. ట్యాంకు సంగతీ చూశాను, మెట్లెక్కి. ఆవిడ సంతకం మాత్రం రాలేదు.

అయినా జైల్లో ఉన్న ఎవరో ఒకరి కోసం నెలకొక ఉత్తరం రాస్తాను. దీపం పెట్టాక, అత్తను తలుచుకుని, అయ్యా అని మొదలుపెట్టి, కింద నా పేరు, నా ఊరు రాస్తాను. పోస్టాఫీసు కౌంటర్లో అబ్బాయి చిరునామా చూసి, "అక్కడ మీవాళ్ళెవరున్నారు?" అని హిందీలో అడుగుతాడు. ఎవరూ లేరంటాను. వింతగా చూసి పక్కన పెట్టబోతాడు. పెట్టనివ్వను. వెనక వరుస విసుక్కున్నా సరే, నా కళ్ళ ముందు ఆ ఉత్తరం మీద ముద్ర పడేదాకా కౌంటరు వదలను. ఎండలో ఎందుకమ్మా, ఇటివ్వు నేను వేసొస్తాను అని మా అమ్మాయి ప్రతిసారీ చేయి చాస్తుంది. బంగారం లాంటి పిల్ల. ఇవ్వను.